ఫాదర్ తడిపిన క్లారినెట్

బులకాన్, ఫిలిప్పీన్స్

లూర్దెస్‌కు, మేమంతా క్షేమం, కంగారుపడకు.

నువ్వు హాంగ్‌కాంగ్ నుంచి పంపిన పెసోలతోనే నీ కూతురు హసింతాకు పాత చెక్క క్లారినెట్ కొన్నాను. ఆదివారం దీవెనకు చర్చికి తీసుకెళితే, ఫాదర్ దాన్ని కొత్త జీపును దీవించేటప్పుడు తడిపినట్టు పవిత్రజలంతో ముంచెత్తారు. వెంటనే మండుటెండలో బ్యాండుతో ఊరేగింపు. సగం దారిలో చెక్క టప్పుమని నిలువునా చీలింది. పండగనాడు తనొక్కతే వాయించాల్సిన పాట పోయిందని పిల్ల బావురుమంది.

"అమ్మమ్మగారూ, దీవించమంటే ఫాదర్ బాప్తిస్మమే ఇచ్చేశారే!" అంటూ బ్యాండు మాస్టారు చీలికలో జిగురు నింపి, దారం చుట్టి బిగించారు. ఈ ఉదయం పలికింది.

వేరేది కొనడానికి డబ్బు పంపకు. నీ మోకాలికి మందు కొనుక్కున్నావా? ఫాదర్‌కు నువ్వేమీ రాయకు. చెప్పాల్సింది నేను చెప్పాను.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి.
అమ్మ