అద్దాల బండి ఎనభై ఒకటిలో పోలేదు

ట్రాఫిక్ కోర్టు న్యాయాధికారి గారి సముఖమునకు, గాజు దుకాణం అద్దాలు చేరవేసే చిన్న ట్రక్కు డ్రైవరు వినయంతో రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: గంటకు ఎనభై ఒక్క కిలోమీటర్ల వేగంతో పోయినట్లు నా బండి మీద వేసిన చలానా రద్దు చేయుట గురించి, మరియు వాయిదా నాడు నేను కోర్టు హాలులోనే ఉండగా గైరుహాజరు అని రాసిన దానిని సరిచేయుట గురించి.

నాకు మాట తక్కువ. బడిలో చదివింది లేదు. దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు, రోజూ పద్దు రాసుకుంటూ వాక్యాలు నేర్చుకున్నాను. పద్దులో ఒక సంగతికి ఒక వరుస చాలు. ఇంత పొడవు ఎన్నడూ రాయలేదు. తమ కోర్టు గుమాస్తా గారు, "కథలొద్దు పెద్దాయనా, నంబర్లు వేసి రాసుకురా" అన్నారు. నంబర్లు వేశాను. కథ కూడా అక్కడక్కడ వచ్చింది. అది నా చేతిలో లేదు.

1. బజారులో నన్ను అందరూ నిదానం అని పిలుస్తారు. చలానా మీద ఉన్నది మా తల్లిదండ్రులు పెట్టిన పేరు. పోస్టు మనిషి దాన్ని పట్టుకుని మా వీధిలో నాలుగిళ్ళు అడిగినా ఎవరిదో ఎవరూ చెప్పలేకపోయారు. నిదానం అనేది నేను అడిగి తెచ్చుకున్న పేరు కాదు. అయినా నాకు అన్నం పెట్టేది అదే. రోడ్డు మీద గుంత కనపడితే నేను బండి ఆపి, దిగి, గుంతను చూసి, మళ్ళీ ఎక్కి దాటిస్తాను. నా చేతి మీద ఇన్నేళ్ళలో పగిలిన అద్దం ఒక్కటే. అది కూడా, ఆపి ఉంచిన బండి మీదికి పిల్లల బంతి వచ్చి పడితే పగిలింది.

2. చలానాలో చెప్పిన రోజున, చెప్పిన వీధిలో, నా బండి ఉన్న మాట నిజం. సెలూన్ ఒకదానికి నిలువెత్తు అద్దం తీసుకుపోతున్నాను. అంత అద్దాన్ని పడుకోబెట్టి తీసుకుపోతే పగులుతుంది. చెక్క చట్రంలో నిలబెట్టి, సందుల్లో దుప్పట్లు కుక్కి, తాళ్ళు బిగించి, ముఖం వెనక్కి తిప్పి తీసుకుపోవాలి. దీనివల్ల నా వెనక వచ్చేవాళ్ళకు నా బండి కనపడదు. వాళ్ళకు వాళ్ళే కనపడతారు. ఈ పనిలో ఉన్న ఇబ్బంది ఇది. సిగ్నల్ దగ్గర పచ్చ దీపం వెలిగినా నా వెనక ఎవరూ హారన్ కొట్టరు. జుట్టు సర్దుకుంటూ ఉండిపోతారు.

3. చలానాతో పంపిన ఫొటోను తమరు ఒకసారి దగ్గరగా చూడవలెను. కింద నా బండి నంబరు ఉన్నది. దాని పైన అంతా అద్దమే. అద్దంలో వేగం కొలిచే యంత్రం పట్టుకున్న కానిస్టేబుల్ గారు ఉన్నారు. వారి రెండో చేతిలో దువ్వెన ఉన్నది. మీసం దువ్వుకుంటున్నారు. మీసం బాగున్నది, ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. వారి భుజం మీదుగా చూస్తే, వెనక దుమ్ము రేపుకుంటూ వస్తున్న తెల్ల జీపు ఒకటి కనపడుతుంది. యంత్రం వేసిన కిరణం నా అద్దానికి తగిలి, వెనక్కి మళ్ళి, ఆ జీపు వేగాన్ని కొలిచి, నా నంబరు మీద రాసింది. నాకు తెలిసినంతలో జరిగింది ఇది.

4. ఆ జీపు ముందు భాగంలో అక్షరాలు ఉన్నాయి. అద్దంలో తిరగబడి ఉన్నందున ఎవరూ చదివి ఉండరు. నేను ఫొటోను ఇంకో అద్దం ముందు పట్టుకుని చదివాను. అది ఏ ఆఫీసు జీపో నా వంటి వాడు అర్జీలో రాయడం మర్యాద కాదు. చలానా పైభాగంలో అచ్చువేసినవి కూడా ఆ అక్షరాలే. ఇంతకు మించి రాయను.

5. అసలు చలానా దీనికి జతచేయలేకపోతున్నాను. నకలు మాత్రమే జతచేశాను. అసలుది మా ఇంటి గోడకు ఉన్నది.

కారణం చెప్పకపోతే తమరు వేరుగా అనుకుంటారు కనుక చెబుతున్నాను. చలానా వచ్చిన సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి దాన్ని మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని చదువుతున్నారు. నా భార్య పక్కన నిలబడి ఉన్నది.

"సరిగ్గా చూడవే. పక్కింటి వాళ్ళది పొరపాటున మనకిచ్చాడేమో."

"నంబరు మనదే అమ్మా."

"ఎనభై ఒకటా?"

"ఎనభై ఒకటే."

"మొన్న నన్ను ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, రోడ్డు పక్కన నడిచిపోయే ఆవిడ కిటికీలోంచి నా మోకాలు ఎలా ఉందో అడిగింది. కాపడం ఎలా పెట్టుకోవాలో చెప్పింది. మలుపు దాకా మాట్లాడుతూ వచ్చి, తనకి పని ఉందని ముందుకెళ్ళిపోయింది. ఆ బండేనా ఇది?"

"ఆయన పైకి అలా కనపడతారు కానీ, లోపల ఏదో ఉందని నాకు మొదట్నుంచీ తెలుసమ్మా" అన్నది నా భార్య.

నేను గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాను. అప్పుడే నిజం చెప్పవలసింది. కాని నాకు మాట తొందరగా రాదు. అది వచ్చేసరికి మా బావమరిది చలానాను ఫ్రేము కట్టించడానికి పట్టుకుపోయాడు. ఫ్రేముకు అద్దం నా చేతనే బిగింపజేశారు. ఇప్పుడది ముందుగదిలో, లోపలికి వచ్చేవాళ్ళకు ఎదురుగా ఉన్నది. వచ్చినవాళ్ళకు మా అత్తగారు చూపుతున్నారు. "మా అల్లుడు గారిదే" అంటున్నారు. ఇదివరకు నన్ను ఆమె "ఆ అబ్బాయి" అనేవారు. ఆ రోజు నా భార్య నా వైపు చూసిన చూపు గురించి అర్జీలో రాయడం పద్ధతి కాదు.

6. నా బండి అసలు ఎనభై ఒకటి అందుకోగలదా అన్నది పరీక్షించి చూశాను. గోదాముల వెనక ఎవరూ లేని తిన్నని రోడ్డు మీద, ఖాళీ బండితో, మా బావమరిదిని సాక్షిగా పక్కన కూర్చోబెట్టుకుని పోనిచ్చాను. ఆయనకు పంక్చర్ల దుకాణం ఉన్నది. పరీక్ష ఎందుకో నేను చెప్పలేదు. ఆయన సరదా కోసం అనుకున్నాడు.

"తొక్కు బావా."

"తొక్కుతున్నా."

"ఇంకా తొక్కు."

"ఇంకా తొక్కితే కాలు రోడ్డుకి ఆనుతుందిరా."

"మరి ఆ రోజు ఎలా పోయావ్?"

మీటరు ముల్లు వణుకుతూ యాభై రెండు దాకా పోయి, లోపల ఏదో తెగిన చప్పుడై, సున్నా మీద పడింది. ఇంతవరకు లేవలేదు. అదే సమయంలో బండి కింద బిగించి ఉన్న స్టెప్నీ చక్రం ఊడి, మా పక్కనుంచి దొర్లుతూ మమ్మల్ని దాటుకుని ముందుకు పోయింది. నా బండికి సంబంధించి ఎనభై ఒకటిలో పోయింది ఏదైనా ఉంటే అదొక్కటే. దాన్ని బిగించింది మా బావమరిదే కాబట్టి ఆయన దాని గురించి ఏమీ అనలేదు. చక్రాన్ని వెతికి తెచ్చుకుని తిరిగి వస్తూ, "వెనక అద్దం ఉంటేనే నీకు ఊపొస్తుంది బావా, ఖాళీ బండికి రాదు" అన్నాడు. ఇంట్లో కూడా అదే చెప్పాడు. సాక్షి ఈ విధంగా మారిపోయాడు.

7. వాయిదా నాడు నేను గైరుహాజరు కాలేదు. అందరికంటే ముందే వచ్చాను. మూడో అంశంలో రాసింది మాటలతో చెప్పడం నాకు చేతకాదు కనుక, చూపిద్దామని దుకాణంలో నిలువెత్తు అద్దం ఒకటి అడిగి తెచ్చాను. వదిలేస్తే పడుతుంది కనుక దాని వెనక నిలబడి రెండు చేతులతో పట్టుకున్నాను. కాసేపటికి దాని ముందు జనం చేరారు. వకీలు ఒకాయన, "కాస్త పైకి పట్టవయ్యా, మెడ దగ్గర కనపడట్లేదు" అన్నారు. పైకి పట్టాను. సిగ్నల్ దాటిన కేసులో వచ్చిన ఒకావిడ, "అన్నయ్యా, కొంచెం కిందికి" అన్నది. కిందికి దించాను. వకీలు గారు మళ్ళీ పైకి అన్నారు.

"మీదయిపోయింది కదండీ, జరగండి. నా వంతు" అన్నది ఆమె.

"నాది ఇంకో నిమిషంలో పిలుస్తారమ్మా."

"నాదీ పిలుస్తారు. జడ ఊడిపోయి ఉంటే ఎవరు నమ్ముతారు నా మాట?"

ఈ మాటల మధ్య నా నంబరు పిలిచారు. "హాజరండీ" అన్నాను. నా గొంతు స్వతహాగా చిన్నది, పైగా అద్దం వెనకనుంచి వచ్చింది. బంట్రోతు గారు హాలంతా చూశారు. అద్దం వైపు కూడా చూశారు, కాని టోపీ సరిచేసుకుని వెళ్ళిపోయారు. తమరు కూడా బెంచి మీదనుంచి ఒకసారి ఇటు చూశారు. అది అంతటితో వదిలేస్తున్నాను. మూడుసార్లు పిలిచారు, మూడుసార్లూ పలికాను. చేతులు వదిలి బయటకు వస్తే అద్దం ఆ వకీలు గారి మీద పడేది. ఆయన చలానాల వకీలు. ఇంకో కేసు అయ్యేది.

8. ఇక నాకు జరిగిన నష్టం. గాజు దుకాణం యజమాని నన్ను పిలిచి, చలానా సంగతి విన్నానన్నారు.

"నిదానం, నువ్వు ఎనభైలో పోతున్నావంట?"

"లేదండి."

"మీ అత్తగారే చెప్పింది మా ఆవిడకి. ఫ్రేము కూడా చూపించిందంట."

ఆ రోజునుంచి నాకు అద్దాలు ఇవ్వడం లేదు. జిగురు డబ్బాలు, మేకులు, చెక్క పట్టీలు ఇస్తున్నారు. కిందపడినా ఏమీ కాని సరుకు. డ్యాన్స్ స్కూలు ఒకదానికి గోడ పొడవునా అద్దాలు పోవలసి ఉన్నాయి. అంత పెద్ద పని ఈ దుకాణానికి ఇదివరకు రాలేదు. "నువ్వు వేగంగా పోలేదని కోర్టు ముద్ర వేసిన కాగితం తీసుకురా, పని నీదే. లేదంటే వేరే బండి చూసుకుంటాను. ఏమనుకోకు" అన్నారు. ఏమీ అనుకోలేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అంటాను. మేకులు మోయడం తక్కువ పని అని నా ఉద్దేశం కాదు. కాని మేకుల బండిని గుంత దగ్గర ఆపి దిగి చూస్తుంటే, వెనకవాళ్ళు హారన్ కొడుతున్నారు. నాకు ఆ అలవాటు లేదు.

9. కావున తమరు దయతో ఫొటోను పరిశీలించి, వాయిదా నాటి గైరుహాజరును కొట్టివేసి, చలానాను రద్దు చేసి, నేను నెమ్మదిగా పోయే మనిషినని ముద్రతో కూడిన ఉత్తర్వు ఇప్పించవలెను. కానిస్టేబుల్ గారి మీద గాని, జీపు వారి మీద గాని ఏ చర్యా కోరడం లేదు. అద్దం ఎదురైతే ఎవరైనా చూసుకుంటారు.

పైన రాసినదంతా తీరిక చేసుకుని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అద్దాల బండి డ్రైవరు
(ప్రస్తుతం మేకుల బండి)

మరొక మనవి: రద్దు ఉత్తర్వును గాజు దుకాణం చిరునామాకు మాత్రమే పంపవలెను. ఇంటికి పంపవద్దు. గోడ మీద ఉన్న అసలు చలానాను తిరిగి ఇవ్వమని కూడా అడగవద్దని వేడుకుంటున్నాను. దుకాణం యజమానికి అన్ని సంగతులూ చెప్పాను. వారి భార్యకు చెప్పనని మాట ఇచ్చారు.

ఇది కోర్టు బయట బండి ఆపి రాస్తున్నాను. ఈ అర్జీ ఇవ్వడానికి వస్తుంటే నా భార్య కూడా బండిలో వస్తానన్నది. జరిమానా కట్టడానికి పోతున్నానని అనుకుంటున్నది. ఎప్పుడు బండెక్కినా నా పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతూ వచ్చే మనిషి ఈ రోజు ఎదుటి కడ్డీని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నది. "మెల్లగా పోనివ్వండి, నేనున్నాను కదా" అన్నది. మీటరు చెడిపోయి ఉన్నది కాబట్టి ఆమెకు తెలియదు. నాకు తెలుసు, ఇరవై. ఒక సైకిలు మమ్మల్ని దాటిపోయింది. ఆ సమయానికి ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నది.