చప్పుడు చెయ్యని గ్లాసు

మా ఇంటి ఇన్‌స్పెక్టరు గారికి,

ఈ ఉత్తరం ఎగ్గొడదామనే అనుకున్నాను. కాగితం తీసి నాలుగు రోజులైంది. మొదటి రోజు పెన్ను రాయడం లేదన్నాను. రెండో రోజు కళ్ళజోడు కనబడలేదన్నాను. అది నా మొహం మీదే ఉందని మూడో రోజు తెలిసింది. ఎవరితో అన్నారు ఇవన్నీ అని అడుగుతావు. గోడతోనే. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, గోడ, గోడ మీది బల్లి. అక్కడ నువ్వు కులాసాగా ఉన్నావనీ, వదిన చేతికర్ర లేకుండా వాకిలి దాకా నడుస్తోందనీ చదివి సంతోషించాను. కర్ర పోయింది కాబట్టి ఇక నన్ను కొట్టడానికి ఆవిడ చేతిలో ఏమీ లేదు, నేనిక భయపడనని నా మాటగా చెప్పు.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. చేస్తే నువ్వు "తిన్నారా" అంటావు, నేను "తిన్నాను" అంటాను. నువ్వు "ఇంకేంటి" అంటావు, నేను "ఇంకేముంది" అంటాను. తరవాత ఇద్దరం ఒకరి ఊపిరి ఒకరు విని పెట్టేస్తాం. ఆ ఊపిరి వినడం బాగానే ఉంటుంది గానీ ఈ ఉత్తరంలో ఉన్నది ఊపిరితో చెప్పేది కాదు.

ముందు నీ ప్రశ్నలు. మోకాలికి మెట్లు ఎక్కేటప్పుడు నొప్పి, దిగేటప్పుడు భయం. చదునైన నేల మీద నేనింకా కుర్రాణ్ణే. పిల్లి వస్తోంది, పాలు తాగుతోంది, మొహం కూడా చూడకుండా పోతోంది. వంటింటి కుళాయి బాగుచేయించాను. పైపుల పని చేసే అతను వచ్చి, లోపలి రబ్బరు ముక్క తీసి నా అరచేతిలో పెట్టి, "ఎన్నాళ్ళైంది బాబాయ్ ఇది పోయి?" అన్నాడు. నాలుగేళ్ళన్నాను. "నాలుగేళ్ళు ఆ చప్పుడు ఎలా భరించావు?" అన్నాడు. వాడు వెళ్ళాక ఇల్లు ఎంత నిశ్శబ్దంగా అయిపోయిందంటే, రెండు రోజులు కూర్చున్నచోట కూర్చోలేకపోయాను. మూడో రోజు నేనే పానా తీసుకుని కాస్త వదులు చేశాను. కాబట్టి కుళాయి బాగైంది, మళ్ళీ కారుతోంది. రెండూ నిజమే.

ఇక వదిన ఇంట్లో ఆ వెనక గది. రిటైరైన నర్సమ్మ ఎవరో అద్దెకి అడుగుతోందనీ, నెలాఖరులోగా అవునో కాదో చెప్పాలనీ రాశావు. "మీరు ఎలాగూ రారు కదా, ఇచ్చెయ్యమంటారా?" అన్నావు. ఆ మాటని పప్పు ఉప్పు సంగతుల మధ్యలో, అదే చేతివ్రాతతో, అదే సైజులో రాశావు. నాలుగేళ్ళుగా ఆ గదిలో నాకోసం మంచం వేసి ఉంచారన్న సంగతి నాకు ఆ వాక్యంలోనే తెలిసింది.

దానికి జవాబు చెప్పాలంటే నీ ఆఖరి ప్రశ్నకి ముందు జవాబు చెప్పాలి. ప్రతి ఉత్తరం చివరా అడిగేదే, "సీసాలు ఎలా ఉన్నాయి?" సీసాల సంగతి చెప్పాలంటే ఫ్యాక్టరీ కెమిస్టు దగ్గర మొదలుపెట్టాలి. నువ్వు నూరుసార్లు విన్న కథే. అయినా చదువు. ఈసారి చివర మారింది.

బీరు ఫ్యాక్టరీలో నేను సీసాలు కడిగే మిషను దగ్గర ఉండేవాణ్ణి కదా. ఎదురుగా అద్దాల గది. రోజూ పదకొండింటికి అందులో ఐదుగురు కూర్చునేవాళ్ళు. ఒక్కొక్కరి ముందు మూడు గ్లాసులు. రెండింట్లో ఒకే సరుకు, మూడోదాంట్లో వేరేది. వేరేది ఏదో వాసన చూసి, రుచి చూసి చెప్పాలి. పోసేవాడు వేరు, తాగేవాడు వేరు. పోసినవాడికి తప్ప ఏ గ్లాసులో ఏముందో ఎవరికీ తెలియకూడదు. అదీ పద్ధతి. ఒకరోజు ఐదోవాడు సెలవు పెడితే, కెమిస్టు అద్దంలోంచి నాకు సైగ చేశాడు. సబ్బునీళ్ళ చేతులు ప్యాంటుకి తుడుచుకుని వెళ్ళి, మూడూ మూచూసి, మధ్యది చూపించాను. సరిపోయింది. ఆ సాయంత్రం నుంచి నేను ముక్కు మేస్త్రినయ్యాను. ముప్ఫై ఏళ్ళు ఆ పేరు మోశాను. పెళ్ళిచూపుల్లో మీ నాన్నకి కూడా ముందు ఆ కథే చెప్పాను, జీతం తరవాత చెప్పాను.

నీకు చెప్పనిది ఏమిటంటే, ఆ మరుసటి వారం కూడా పిలిచారు. తప్పు చెప్పాను. ఆ పై వారం మళ్ళీ పిలిచారు. మళ్ళీ తప్పే. తరవాత పిలవలేదు. మూడింట్లో ఒకటి. కళ్ళు మూసుకుని రాయి విసిరినా మూడుసార్లకొకసారి కాయ రాలుతుంది.

బీరు దినపత్రికలాంటిది, పొద్దుటిది సాయంత్రానికి పొట్లం కట్టుకోవడానికే అనేవాడు ఆ కెమిస్టు. నల్లగా, గాఢంగా ఉండే ఆ ఒక్క రకం మాత్రం పుస్తకంలాంటిదనీ, చల్లని చీకట్లో కదపకుండా ఉంచితే ఏడాదికేడాది చేదు తగ్గి తీపెక్కుతుందనీ అతనే చెప్పాడు. ఆ మాట పట్టుకునే కదా మన మెట్ల కింది గది నింపాను. మూత మీద రంగుతో సంవత్సరం వేసి, వరస తప్పకుండా పేర్చి, తలుపు సందులోకి వెలుతురు రాకుండా పాత దుప్పటి కుక్కి. ఆ దుప్పటి నీ పుట్టింటిది. నువ్వు దాని గురించి ఏడాదిపాటు అడిగావు.

ఆదివారం సాయంత్రాలు గుర్తున్నాయి కదా. నేను కుర్చీలో, నువ్వు కర్టెను వెనక. మూడు స్టీలు గ్లాసులు, రంగు కనబడకుండా. రెండింట్లో కొత్త సీసాది, ఒకదాంట్లో పాతది. పాతది పోసిన గ్లాసు అడుగున ప్లాస్టరు ముక్క. నురగ అణిగేదాకా నువ్వే ఆగి, పళ్ళెంలో తెచ్చి పెట్టేదానివి. నేను ముక్కు దూర్చి, కళ్ళు మూసి, ఎండుద్రాక్ష ఉందనీ, తోలుసంచీ ఉందనీ, వాన వెలిశాక పుస్తకాల బీరువా తెరిచినట్టుందనీ ఉపన్యాసం ఇచ్చి, ఒక గ్లాసు చూపించేవాణ్ణి. నువ్వు ఎత్తి అడుగు చూసి "ఇదే" అనేదానివి, గెలిచింది నువ్వే అయినట్టు. నోటు పుస్తకంలో టిక్కు పెట్టేదానివి. పద్ధెనిమిదేళ్ళ టిక్కులు.

నువ్వు వెళ్ళాక పోసేవాళ్ళు లేరు. ఈ పరీక్షలో తమాషా అదే. ఒంటరిగా తాగొచ్చు, ఒంటరిగా పోల్చడం కుదరదు. నేనే పోసుకుంటే ఏది ఏదో నాకు తెలిసిపోతుంది. పళ్ళెం గుండ్రంగా తిప్పి చూశాను, చెయ్యి లెక్క పెట్టేస్తుంది. ఒకసారి కర్టెను వెనక నేనే పోసి, పళ్ళెం అక్కడే వదిలి, ఇటు వచ్చి కుర్చీలో కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. ఎవరు తెస్తారని కూర్చున్నానో నాకే తెలియదు. వెచ్చబడిపోయింది, పారబోశాను. ఆ తరవాత మూడున్నరేళ్ళు గ్లాసులు ముట్టలేదు. నీకు మాత్రం "సీసాలు బాగున్నాయి" అని రాస్తూనే వచ్చాను.

మొన్న వచ్చిన నీ ఉత్తరానికి ముందు ఉత్తరంలో, పాతవాటి రుచి ఎలా మారిందో వివరంగా రాయమన్నావు. కల్పించి రాద్దామనుకున్నాను. చెయ్యాడలేదు. పక్క వాటాలో కొత్తగా దర్జీ దిగాడని రాశాను చూడు, అతన్ని పిలిచాను. తాగడు, కానీ పొయ్యడానికి ఒప్పుకున్నాడు. పద్ధతంతా చెప్పాను. అంతా విని, "పెద్దాయనా, ఏది పాతదో తెలుసుకోడానికి ఇంత తంటా ఎందుకు? మూత మీద రాసే ఉంది కదా?" అన్నాడు.

"మూత చదవడం గొప్పేముందయ్యా, ముక్కుతో చదవాలి" అన్నాను.

"నా దగ్గర టేపుంది కాబట్టి బతికిపోయాను" అన్నాడు.

తొమ్మిది ఆదివారాలు పోశాడు. మనిషి మంచివాడు, చెయ్యి మాత్రం మోటు. మూడు గ్లాసులూ బల్ల మీద ఒకేలా ఠంగుమనిపిస్తాడు. తొమ్మిదింట్లో నేను సరిగ్గా చెప్పింది మూడు. తొమ్మిదోసారి నేను చూపించిన గ్లాసు ఎత్తి చూసి, అడుగున ప్లాస్టరు లేకపోతే, ప్లాస్టరున్న గ్లాసుని దాని చోటికి జరపబోయాడు. నేను చూశానని చూసి ఆగిపోయాడు. "ఒకే తాను గుడ్డ పెద్దాయనా, ఉతికితే ఒక ముక్క కుంచించుకుపోతుంది, ఒకటి పోదు. ఎందుకని ఎవరు చెప్తారు" అన్నాడు. నన్ను ఓదారుస్తున్నాడని అర్థమై మరీ సిగ్గేసింది.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడిదాకా తిప్పి తిప్పి తెచ్చాను, ఇక తిప్పడానికి వీధి లేదు.

ఆ టిక్కులన్నీ నీవే. కర్టెను వెనక నువ్వు కొత్త బీరు పోసిన గ్లాసుని అందరిలాగే పళ్ళెంలో ఠంగున పెట్టేదానివి. పాతది వచ్చేసరికి, అపురూపమైనదని, చుక్క ఒలికితే నేనేమంటానో అని, రెండు చేతులతో పట్టుకుని చప్పుడు కాకుండా దించేదానివి. ఠంగు, ఠంగు, మధ్యలో ఎక్కడో ఒక ఖాళీ. ఎడమ నుంచి కుడికి వరసగా పెడతావు కదా, ఆ ఖాళీ ఎక్కడ పడిందో అదే నా జవాబు. నేను ముక్కు మేస్త్రిని కాను, చెవి మేస్త్రిని. ఎండుద్రాక్ష, తోలుసంచీ, బీరువా, అన్నీ తరవాత అతికించినవి.

తెలియకుండానే జరిగిందని చెప్పుకుందామా అంటే అదీ లేదు. నీ మణికట్టు బెణికిన ఏడాది గుర్తుందా? కట్టుతో ఒంటిచేత్తో పోశావు. మూడు గ్లాసులూ ఒకేలా మోగాయి. వరసగా మూడు ఆదివారాలు తప్పాను. జలుబన్నాను. నువ్వు ఆ బెణికిన చేత్తోనే వేడినీళ్ళ గిన్నె తెచ్చి, నా తల మీద తువ్వాలు కప్పి, ఆవిరి పట్టించావు. ఆ తువ్వాలు కింద చీకట్లో నాకు మొత్తం అర్థమైంది. జలుబు లేదని కూడా తెలుసు. బయటికి వచ్చి "హాయిగా ఉంది" అన్నాను.

అంటే వదిన పడిపోయిందని కబురొచ్చిన రోజుకి నాకు తెలుసు. ఇద్దరం వెళ్ళిపోదాం, ఇక అక్కడే ఉందాం, ఆవిడకి మనం తప్ప ఎవరున్నారు అన్నావు. నేనేమన్నాను? వాళ్ళది రేకుల ఇల్లు, సీసాలకి వేడి పడదు, దారిలో కుదుపులకి పాడైపోతాయి, ఇన్నేళ్ళ కష్టం అన్నాను. పాతదానికీ కొత్తదానికీ తేడా తెలియనివాడు అన్న మాటలవి. నువ్వు చీర మడత పెడుతూ, కోపం కూడా లేకుండా, "సరే, సీసాలకి తోడుండండి" అన్నావు. కోప్పడి ఉంటే నేనూ ఎగిరేవాణ్ణి, తెల్లారేసరికి తగ్గేవాణ్ణి. నువ్వు చెప్పినట్టే తోడున్నాను.

మరి ఎందుకలా అన్నావయ్యా అంటే, అక్కడ నేనెవర్ని? చెల్లెలి మొగుణ్ణి. వసారాలో కుర్చీ వేస్తే కూర్చునేవాణ్ణి. ఇక్కడ ఈ వీధిలో కిరాణా కొట్టువాడి దగ్గర్నుంచి అందరికీ ముక్కు మేస్త్రిని. ఆ పేరు వదిలి రాలేకపోయాను. ఆ పేరుని పద్ధెనిమిదేళ్ళు నిలబెట్టిన మనిషిని ఒక్కదాన్నే పంపించాను. నువ్వు వెళ్ళిన ఏడాదికే కిరాణా కొట్టు చేతులు మారింది. కొత్తతను నన్ను "ఏం కావాలి సార్" అంటాడు.

గదికి జవాబు: ఇవ్వద్దు. ఇప్పటికే మాట ఇచ్చేసి ఉంటే నర్సమ్మని బాధపెట్టకు, వసారా ఉంది, రేకుల వేడి నాకు పడుతుంది, సీసాలకే పడదు. ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు అని నీకనిపిస్తే అదీ రాసెయ్యి, పప్పు ఉప్పు మధ్యలోనే. చదువుకుంటాను. నేను అక్కడ దేనికి పనికొస్తానో తెలియదు. కూరలు తరగడం వచ్చింది. బట్టలు ఆరేస్తే మడతలు పడడం లేదు. వదినతో రోజూ ఒక గంట పోట్లాడగలను, ఆవిడకి వ్యాయామం.

సీసాలు బాగానే ఉన్నాయి. ఒక్కటీ తేను. ఫ్యాక్టరీ క్లబ్బువాళ్ళని వచ్చి పట్టుకుపొమ్మన్నాను. ఏ ఏడాదివి ఎలా ఉంటాయని అడిగారు. తాగి చూసుకోమన్నాను.

ఇందాక అటక మీంచి పెట్టె దించాను. జిప్పు ఊడి చేతిలోకి వచ్చింది. చెప్పులు కుట్టే అతని దగ్గరికి పట్టుకెళ్తే మొత్తం మార్చాలన్నాడు. నల్లది లేదు, గోధుమరంగుదే ఉందన్నాడు. అదే వెయ్యమన్నాను. గురువారం రమ్మన్నాడు.

ఇట్లు,
మీ ఆయన