బల్ల మీద నేర్పిన డచ్చి మాట

ఏమండీ,

మీరు పోయి పదకొండు నెలలైంది. బాగున్నారా అని అడగను. నా నోరు వినబడని చోట బాగానే ఉండుంటారు.

మన మనవరాలు సౌమ్య కువైట్‌లోని డచ్చి ఎంబసీలో పరీక్షకు లోపలికెళ్లింది. నేను బయట కుర్చీలో ఉన్నాను. సంచి ఒళ్లో పెట్టుకుని మీకు ఇది రాస్తున్నాను.

నెదర్లాండ్స్‌లో ఉన్న మొగుడి దగ్గరికి వెళ్లాలంటే పిల్ల డచ్చి భాషలో ప్యాసవ్వాలి. కంప్యూటర్ అడిగితే నోటితో జవాబు చెప్పాలట. దానికిప్పుడు ఐదో నెల. ఈసారీ తప్పితే మళ్లీ రాసేసరికి నెలలు నిండి విమానం ఎక్కనివ్వరు. బిడ్డ కువైట్‌లో, తండ్రి అక్కడ.

ఇక ఆ మాటలు! ఉండనిచ్చే కాగితాన్ని మనం ఇక్కడ ఇఖామా అని ఊరుకుంటాం. వాళ్లు 'వెర్‌బ్లైఫ్స్‌వెర్‌ఖున్నింగ్' అంటారు. మాటా అది, గూడ్సు బండా? నేను లెక్కల పంతులమ్మని కదా... వెర్, బ్లైఫ్స్, వెర్, ఖున్, నింగ్... ముక్కకొక దెబ్బ చొప్పున భోజనాల బల్ల మీద కొట్టించి చెప్పించాను. రెండు వారాల్లో గడగడా అప్పజెప్పింది. కింది ఫ్లాటు వాళ్లు ఏం కూలుతోందోనని పైకొచ్చి చూసి వెళ్లారు.

మొదటిసారి పరీక్షలో చేయి దానంతటదే బల్ల మీద పడిందట. పక్కవాళ్లకు ఇబ్బందని అక్కడావిడ ఆపమంది. చేయి ఆగింది. నోరూ ఆగింది.

బడిలో నేను ఎక్కాలు చెప్పిస్తుంటే మీరు గుమ్మంలో నిలబడి అనేవారు... "ఒసేయ్, ఆ బల్ల వాయించడం ఆపవే తల్లీ! రేపు బల్ల లేపోతే నీ పిల్లలు రెండో ఎక్కం కూడా చెప్పలేరు." తెలుగు మాస్టారికి లెక్కలేం తెలుసని కసిరేదాన్ని.

పరీక్ష తప్పాక, శ్రద్ధ లేదని ఇంట్లో అందరూ పిల్లను తిట్టారు. అందరికంటే గట్టిగా తిట్టింది నేనే. అది తల వంచుకుంది కానీ నా పేరెత్తలేదు. ఎందుకెత్తలేదండీ?

ఈ నెలంతా చేతులు తొడల కింద పెట్టించి చదివించాను. ముందు మాటను 'ఉండటం', 'అనుమతి' అని రెండుగా విడదీసి, అర్థం తెలిశాకే ముక్కలు... మీరు సమాసాలు చెప్పినట్టే. వచ్చిందో, లేదో...

తప్పు నాదని దానితో ఇంతవరకూ అనలేదు. ప్యాసయ్యాక నవ్వుతూ చెబుదాంలే అనుకున్నాను. ఫలితం చూసుకుని చెబితే అది ఒప్పుకోవడం అవుతుందా?

తలుపు తీస్తున్నారు. ఎలా చేశావని అడగను. ముందు నా తప్పు చెబుతాను.

మీ
సుభద్ర