ఎర లేని గాలం

2006 జూలై, శనివారం రాత్రి

ఈ దేశంలో జూలై అంటే చలికాలం. చలిగా ఉందని ఈయనకి మఫ్లర్ ఇవ్వడానికి సముద్రం ఒడ్డున జెట్టీకి వెళ్ళాను. ఈయన ఎర గుచ్చకుండానే గాలం నీళ్ళలోకి విసిరారు. పక్కన చేపలు పట్టే, టోంగా దీవుల నుంచి వచ్చిన అతను దాన్ని మెల్లగా లాగి, ఎర గుచ్చి ఈయన చేతికిచ్చాడు. "ఈమధ్య రోజూ మర్చిపోతున్నారు ఆంటీ. మేం చూసుకుంటాంలే," అన్నాడు నాతో. బకెట్లో చేపలూ వాళ్ళు వేసినవేనట.

ఇంట్లో ఈయన మనవరాలికి బకెట్ చూపించి, "మూడు పట్టానే! మీ నానమ్మకి నామీద నమ్మకం లేదు," అని నవ్వారు.

"రియల్లీ, నానమ్మా?" అంది అది.

అబద్ధమాడిన పిల్లలకి బళ్ళో గోడకుర్చీ వేయించినదాన్ని, "అవునే, తాతయ్యే పట్టారు," అన్నాను.

అబ్బాయికి చెబితే డాక్టరుకి చూపిస్తాడు, జెట్టీ మాన్పిస్తాడు. చెప్పకపోతే, రేపు ఇంటి దారే మర్చిపోతే? అబ్బాయి గది తలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చేశాను.