మూడు పొయ్యిల నైవేద్యం

కరీంనగర్,
కార్తీక సోమవారం, 1967

బిడ్డా బాలలక్ష్మీ,

వేములవాడ రాజన్న నిన్నూ నీ కడుపులోని పసిగుడ్డునూ చల్లగా చూడాలి.

ఎప్పుడూ మీ మామ రాసే ఉత్తరం కింద నాలుగు ముక్కలు చేర్చేదాన్ని. ఈసారి ఆయనకు తెలియకుండా నేనే కలం పట్టాను. మొండితనంతో ఉద్యోగం పోగొట్టుకున్నాడని నువ్వు నా కొడుకు రాజలింగుతో మాట్లాడటమే మానేశావట. ఆ కోపం పడవలసింది నా మీద.

"మీరైనా సంతకం చేయమనండి అత్తమ్మా" అని వాడు ఇక్కడికి రాకముందే రాసి వేడుకున్నావు. చెప్తానని మాట ఇచ్చాను. చెప్పాలనే అనుకున్నాను.

శ్రావణంలో వాడు వచ్చిన రోజు ఇంట్లో రాజన్నకు నైవేద్యం. ఒకరిది చెడిపోయినా దేవుడికి లోటు రాకూడదని తోడికోడళ్ళం ముగ్గురం మూడు పొయ్యిల మీద వేరువేరుగా పులిహోర వండుతాం. దేవుడికి పెట్టేదాకా రుచి చూడం. ఆరోజు ప్రసాదం నోట్లో పెట్టుకోగానే పెద్దామె ఐలవ్వ, "గిదేందే సరోజనా, రాజన్నకు శర్బతు తాపిచ్చినవా?" అంది.

"నన్నే అంటవేందక్కా, జర నీది సుత చూడు!" అన్నాను.

మూడూ తియ్యగానే ఉన్నాయి. ఉప్పు జాడీలో ఎవరో రేషను చక్కెర పోశారు. ముగ్గురం అందులోంచే వేశాం.

అందరితోపాటు రాజలింగూ నవ్వాడు. తర్వాత నా వెంట పెరట్లోకి వచ్చి, "అవ్వా, నా మిషను గిట్లనే ఉన్నదే" అన్నాడు.

శత్రువు విమానం వస్తే ఫిరంగి ఎటు తిరగాలో లెక్కగట్టే యంత్రమట. ఒకటి పాడైనా పని ఆగకూడదని మూడు పెట్టారట. ఏ రెండు ఒక్కమాట చెబితే అదే ఖాయం.

"మూడిట్ల ఒక్కతీరు సామానే పెట్టినం. ఎండ ముదిరితే మూడూ కలిసే తప్పుతయి. ఫిరంగి మనోళ్ళ దిక్కే తిరుగుతది. మూడూ ఒక్కసారే తప్పుడు యాడన్న ఉంటదా అని సాబులు నవ్వుతుండ్రు. మిషను మంచిగున్నదని ఇద్దరు దస్కతు జేసిండ్రు. నేను జెయ్యకుంటే నౌకరి పోతది. ఏం జెయ్యమంటవే?"

చెయ్యమనే మాట నోటిదాకా వచ్చింది. కడుపుతో ఉన్న నువ్వు కళ్ళముందు మెదిలావు. ఆ ఫిరంగి దగ్గర నిలబడే పిల్లలను నేనెన్నడూ చూడలేదు. అయినా, "జెయ్యకు బిడ్డా" అన్నాను. వద్దన్నది నేనేనని వాడు నీకు చెప్పలేదు.

ఏం లాభం? రెండు సంతకాలు చాలన్నారు. యంత్రం సరిహద్దుకు పోయింది, వాడు ఇంట్లో కూర్చున్నాడు.

ఇప్పుడు దీపం ముందు కూర్చుంటే ఏం అడగాలో తోచదు. నా కొడుకు చెప్పిందే నిజం కావాలంటే ఎవరి కొడుకులో చావాలి. అందుకని వాడి లెక్కే తప్పు కావాలని, అందరూ వాణ్ని చూసి నవ్వినా సరేనని మొక్కుకుంటున్నాను.

వాడితో మాట్లాడు తల్లీ. చెప్పకూడని సంగతి వాడు నాకు చెప్పాడు. ఈ కాగితాలు నీ దగ్గరే దాచిపెట్టు. ఎవరికీ చూపకు. నా మొక్కు తెలిస్తే నొచ్చుకుంటాడు, వాడికీ చూపకు.

నీ అత్తమ్మ,
సరోజన