వారం మారితే డాక్టర్ మారుతడు

జనగామ

అవ్వకు దండాలు. ఇక్కడ నేనూ మీ అల్లుడూ బాగానే ఉన్నాం. కురవిలో నువ్వూ, నీ మోకాలూ, మన బర్రే బాగున్నారని తలుస్తాను. ఫోన్‌లో నా మాట నీకు వినపడదు కాబట్టి అన్నీ ఇందులోనే చెబుతున్నాను.

"క్యాష్ క్యాష్ అంటవు, పైసల కొలువా బిడ్డా?" అని అడిగావు. కాదవ్వా, ఈ క్యాష్ వేరు. మానుకోటలో ఒక దవాఖాన వెబ్‌సైటు మా ఆఫీసే చూస్తుంది. ఇవాళ ఏ డాక్టర్ ఉన్నాడని ఎవరు అడిగినా మా జావా ప్రోగ్రాం ప్రతిసారీ డేటాబేస్ దాకా పోయి అడిగి వచ్చేది. పొద్దున్నే అందరూ ఒక్కసారి మీద పడితే చతికిలబడేది. తెచ్చిన జవాబును దగ్గర దాచుకొని అడిగినవారికల్లా ఇవ్వడమే క్యాష్. పొద్దున వండిన కూర నువ్వు మధ్యాహ్నం కూడా వడ్డిస్తావు చూడు, అట్లా.

"ఎవలో చేసిందే తెచ్చి పెట్టినవట, మరి నీ గొప్పేంది?" అని కూడా రాశావు. నీ వెక్కిరింపు అర్థమైంది! క్యాష్ పని చేసే లైబ్రరీని, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాంను, తెచ్చుకోవడం తేలికే. ప్రాజెక్టు ఫైలులో దాని పేరూ వెర్షనూ రాస్తే అదే దిగుతుంది. అసలు పనంతా సెట్టింగుల్లో ఉంది. ఏది దాచాలి, ఎంత దాచాలి, ఎప్పుడు పారెయ్యాలి. ఆ చివరిది తప్పితే పాచికూర వడ్డిస్తుంది. ఇప్పుడు పేజీ చిటికెలో తెరుచుకుంటోంది. ఈ పని మా ఆఫీసులో నాకంటే బాగా ఎవరికీ రాదు. దిష్టి తగిలినా సరే, నిజం నిజమే.

ఇక నువ్వు తిట్టిన సంగతి. పక్కింటి పూజ ఫోన్‌లో చెవుల డాక్టర్ ఉన్నాడని చూసి, గురువారం ఎండలో మానుకోట పోయావు. ఆయన గదికి తాళం. "ఇయ్యాల ఏం వారం? చెవులాయన మంగళారం వస్తడు గదా అని ఆడున్నోళ్లు నవ్విన్రు. ఫోన్ల గట్ల పెట్టినోని చేతులిరగ!" అని రాశావు.

ఆ చేతులు నావే, అవ్వా.

డాక్టర్ల జాబితా ఎప్పుడు మారుతుందని దవాఖాన మేనేజరు హన్మంతును నేనే అడిగాను. "వారం మారితే డాక్టర్ మారుతడు మేడం" అన్నాడు. నేను జవాబు దాచే గడువు ఏడు రోజులని పెట్టాను. "ఏం వారం?" అంటే ఏ రోజు అని నీ నోట వింటూ పెరిగినదాన్ని, ఆఫీసు కుర్చీలో కూర్చోగానే వారమంటే వీక్ అయిపోయింది! మంగళవారం దాచిన జవాబే గురువారం నీకు చూపించింది. నీ ఉత్తరం చదివి చాలా సిగ్గుపడ్డాను, ఏడ్చాను కూడా. ఆఫీసులో తప్పు నాదేనని చెప్పి సరిచేశాను. ఇప్పుడు రోజు మారగానే పాత జవాబు పోతుంది. మధ్యలో డాక్టర్ రానన్నా, వాళ్లు జాబితా మార్చిన క్షణమే పోతుంది. అన్ని విధాలా పరీక్షించాను, ఇక పొరపాటు జరగదు.

వచ్చే మంగళవారం నేనే వస్తున్నాను. ఫోన్ చూడొద్దు, నా చెయ్యి పట్టుకొని దవాఖానకు నడువు. చెవికి మిషన్ పెట్టించాక ఆ తిట్టు నా ఎదుట ఇంకోసారి తిట్టు. అప్పుడు నేను నవ్వితే నీకు వినపడాలి.

ఇట్లు,
చేతులు ఇంకా విరగని నీ బిడ్డ
ఊర్మిళ