వెనక్కి నడిచాను, నిటారుగా

తల్లీ ఫెలీ, మీ నాన్న నడిచాడే! కాలు మెలి తిరగకుండా, ఒక్కసారి కూడా పడకుండా నడిచాడు! ఇలొయిలోలో మీ అత్త ఇంట్లో అందరం క్షేమం.

నిన్న ఆసుపత్రికి వెళ్తూ సముద్రం ఒడ్డున ఆగాను. అలివి వలను తాళ్ళతో ఒడ్డుకి లాగడానికి ఒక మనిషి తక్కువయ్యాడు. చేతికర్ర పారేసి తాడు పట్టుకున్నాను.

"తాతా, నీకు కాళ్ళు మెలితిప్పే లుబాగ్ జబ్బు కదా, పడతావ్!" అన్నాడొకడు.

"పడితే నీ మీదే పడతాలే, ముందు తాడు బిగించు!" అన్నాను.

వల లాగేటప్పుడు నడిచేది వెనక్కే కదా. నీళ్ళ అంచు నుంచి కొబ్బరి చెట్ల దాకా నిటారుగా వెళ్ళాను తల్లీ, నాలుగుసార్లు! మెదడు అడుగున నడకను చక్కబెట్టే చోటు నాకు చెడిందట. అలాంటివాళ్ళలో కొందరికి వెనక నడక మాత్రం మిగులుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఈ జబ్బుని శాపమన్న వాళ్ళందరి నోళ్ళూ మూయించు.

వల పెద్ద అమాదోకి చెప్పు, తాడు దగ్గర నా చోటు ఎవరికీ ఇవ్వొద్దని. నన్ను చేపలు ఏరుకుంటూ కూర్చోమన్నాడుగా, తననే కూర్చోమను. అటక మీది, వల లాగేటప్పుడు కట్టుకునే నా నడుం పట్టీ దించి ఎండలో వెయ్యి. పంది ఈనిందా? వంటింటి కప్పు ఇంకా కురుస్తోందా? శనివారం బస్సుకి వస్తున్నాను.

మరియమ్మ తల్లి నిన్ను చల్లగా చూడాలి. మీ అమ్మకి, మేనమామ నెస్తోర్‌కి, పెద్దమ్మ బసిలిసాకి చెప్పు. అందరికంటే ముందు చిన్నాన్న క్రిస్పులోకి చెప్పు. తన కాలూ మెలి తిరుగుతోందని తలుపేసుకుని కూర్చున్నాడు కదా. తలుపు తియ్యకపోతే బయటే నిలబడి ఈ కార్డు గట్టిగా చదువు. అన్నయ్య పక్కన తాడు పట్టడానికి ఒక మనిషి కావాలని చెప్పు.